విప్పడమే తెలిసిన చేతులు

ఆ ఇంటి డాబా మీద రెండు లిథియం బ్యాటరీలు అట్టపెట్టెలు కూడా విప్పకుండా ఉన్నాయని బావమరిది ముందురోజే చూసి వచ్చాడు. సోలార్ ప్యానెళ్ళు బిగించి వెళ్ళిన షాపు వాళ్ళు బ్యాటరీల పనికి ఎల్లుండి వస్తారు. ఇంటివాళ్ళు పొద్దున్నే తాళం వేసుకుని ఊరెళ్ళారు. సాయంత్రం అయిదింటికి గాని రారు.

"పావుగంట పని బావా," అన్నాడు.

బావ ముఖం వేలాడేసుకునే బయలుదేరాడు. "ఈసారి దొరికావంటే నా గుమ్మం తొక్కకు" అని భార్య ఖరాఖండిగా చెప్పేసింది. ఆమె బావమరిదికి సొంత అక్క. ఆ మాట తమ్ముడికి కూడా వర్తిస్తుందని మరీ మరీ చెప్పింది.

మధ్యాహ్నం రెండయింది. వెనక సందులో గోడకు నిచ్చెన ఆనించి, గోడెక్కి, లోపలివైపు బట్టలుతికే బండ మీదికి దిగారు. బయటి మెట్ల మీదుగా డాబా చేరి, చెరో పెట్టె ఎత్తుకునేసరికి మెట్ల గది తలుపు లోపలి నుంచి తెరుచుకుంది.

నెరిసిన జుట్టుతో ఒక పెద్దావిడ. చేతిలో చీపురు.

"ఎవర్రా మీరు?" ఆవిడ చీపురు పైకెత్తింది.

బావకు కాళ్ళాడలేదు. బావమరిదికి నోరాడింది. "షాపు నుంచి వచ్చామండీ. బ్యాటరీలు బిగించడానికి."

ఆవిడ చీపురు దించింది. "ఇప్పుడు కుదరదు నాయనా. రేపు రండి."

బతికిపోయామనుకున్నాడు బావ. పెట్టె కింద పెట్టి వెనక్కి తిరిగాడు కూడా. కానీ అసలు సిసలు మెకానిక్‌లా కనబడాలన్న ఉత్సాహం బావమరిదిని ఊరుకోనివ్వలేదు.

"అలాగేనండీ. మీరు తిప్పి పంపారని ఇంటి ఓనరు గారికి ఒక ఫోను చేసి చెప్పేస్తాం."

"ఫోనా! వద్దొద్దు!" ఆవిడ కంగారుపడిపోయింది. "పని మీద వెళ్ళినప్పుడు ఫోన్ చేస్తే మావాడు ఒంటికాలి మీద లేస్తాడు. ఇప్పుడే బిగించేయండి, పోనీ."

"ఇంట్లో ముసలావిడ ఉందని చెప్పలేదేంరా?" బావ గొంతు తగ్గించి పళ్ళు నూరాడు.

"నిన్న లేదు బావా. ఎక్కణ్ణుంచి ఊడిపడిందో!"

ఇరవై ఏళ్ళుగా బావకు విప్పడమే గాని బిగించడం తెలియదు. మెట్ల గది గోడకు, ప్యానెళ్ళ కరెంటును బ్యాటరీలకు పంపే కంట్రోలర్ అనే నీలం డబ్బా ఉంది. ప్యానెళ్ళ నుంచి వచ్చిన వైర్లు దాని కింద వేలాడుతున్నాయి. చేతికి అందినవి కదా అని ముందు వాటినే తగిలించాడు. డబ్బా కీచుమంది. ఎర్ర దీపం వెలిగింది.

ఆవిడ మెట్టు మీద చతికిలబడి, పెట్టెలో దొరికిన పుస్తకం తెరిచింది. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. "ముం...దు బ్యాటరీ. ఆ తర్వాతే ప్యానెల్. మరి నువ్వేంటి నాయనా, తోక దగ్గర మొదలెట్టావ్?"

బావ ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత బావమరిది చెవిలో గుసగుసలాడాడు. "ఒరేయ్, మనం ముందు ప్యానెల్ వైరు పీకుతాం, ఆఖర్న బ్యాటరీ తీస్తాం. బిగించడమంటే మరేం లేదురా, మన పనే చివర్నుంచి మొదటికి చెయ్యడం!"

అక్కణ్ణుంచి చేతులు వాటంతటవే నడిచాయి. ప్యానెల్ వైర్లు ఊడదీశాడు. బ్యాటరీ ఎర్ర వైరు ప్లస్సుకి, నల్లది మైనస్సుకి. ఆ తర్వాత ప్యానెల్. అయినా ఎర్ర దీపం ఆరలేదు.

మధ్యలో దాహమని అడిగితే ఆవిడ కిందికి వెళ్ళి, చాలాసేపటికి మిక్సీ జారులో నీళ్ళు తెచ్చింది. "మా కోడలు గ్లాసులు ఎక్కడ దాస్తుందో ఆ బ్రహ్మక్కూడా తెలీదు," అంటూ మళ్ళీ పుస్తకం మీద వేలు పెట్టింది. "అది ఏ రకం బ్యాటరీయో డబ్బాకి మనమే చెప్పాలట. లేకపోతే పాతకాలం ఆసిడ్ బ్యాటరీ అనుకుంటుందట. బటన్ నొక్కి పట్టు. లి...థి...యం అని వచ్చాక వదులు."

"మాకు తెలుసండీ," అన్నాడు బావమరిది.

"తెలిస్తే మరి రెండు గంటల్నుంచి దాని ముందు నిలబడి దణ్ణం పెడుతున్నారా?"

బావ నొక్కి పట్టాడు. ఎర్ర దీపం ఆరి, ఆకుపచ్చది వెలిగింది.

"లైటు వేసి చూడండి పెద్దమ్మగారూ."

ఆవిడ ఒక స్విచ్ నొక్కింది. ఎక్కడో ఫ్యాను తిరిగింది. ఇంకోటి నొక్కింది. కాలింగ్ బెల్ మోగింది. ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. మూడోదానికి లైటు వెలిగింది.

"ఈ ఇంట్లో స్విచ్చులకి ఒక పద్ధతీ పాడూ లేదు," అని విసుక్కుంది.

బావ ఆ లైటు వంకే చూస్తూ ఉండిపోయాడు. తన చెయ్యి పడ్డ వస్తువు ఉన్నచోటే ఉండి వెలగడం అతను చూడటం ఇదే మొదటిసారి. ఆవిడా కాసేపు చూసింది. అంతలో గోడగడియారం చూసి గతుక్కుమంది.

"నాలుగున్నర! ఇక బయలుదేరండి. ఇల్లంతా తడిబట్ట పెట్టాను, బయటి మెట్ల మీంచే పోండి."

ముందు గేటు గడియ తీసుకుని ఇద్దరూ దర్జాగా వీధిలోకి వచ్చారు.

"ఖాళీ చేతులతో పోతున్నాం బావా," బావమరిది ఏడుపు ముఖం పెట్టాడు.

"వాటికి బేడీల్లేవు, సంతోషించు. పద, నిచ్చెన తెచ్చుకుందాం."

చుట్టూ తిరిగి వెనక సందులోకి వెళ్ళారు. నిచ్చెన పెట్టినచోటే ఉంది. దాని పైన, గోడకు అటో కాలు ఇటో కాలు వేసుకుని పెద్దావిడ కూర్చుని ఉంది. ఒళ్ళో దుప్పటి మూట.

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఆవిడే తేరుకుంది.

"ఈ నిచ్చెన మీదేనా నాయనా? నేనొచ్చినప్పుడు లేదే! సర్లే, కదలకుండా పట్టుకోండి, ఇంటివాళ్ళొచ్చే వేళయింది."