గోడవైపు కుర్చీలు

"ఇక కుర్చీలు తిప్పేసుకుందామా?" అంది పళ్ళ డాక్టరు.

గదిలో ఉన్న కథకులు నలుగురూ లేచి, కుర్చీలు గోడకేసి తిప్పుకుని కూర్చున్నారు. మొదటిసారి తన నవల పట్టుకుని వచ్చినావిడ ముందు నాలుగు వీపులు మిగిలాయి.

"అదేంటండీ, నేనింకా నోరే తెరవలేదు!"

"ఇక్కడ పద్ధతంతేనమ్మా," డాక్టరు గోడతో చెప్పింది. "మా మొహాలు కనిపిస్తే, ఎవరు ఆవలిస్తున్నారా అని చూసుకుంటూ చదువుతావు. వీపు ఆవలించదు కదా."

"ఇంటర్వ్యూల్లో ఈ పద్ధతుంటే నేనీపాటికి పెద్ద ఆఫీసర్ని," అంది పక్క కుర్చీలోని హాస్టల్ వార్డెన్.

తిరగని కుర్చీ ఒక్కటే. అందులో పెద్దాయన ఉన్నారు. ఆయన నవలలు చదువుతూ ఆమె మాడ్చిన గిన్నెలతో ఓ షాపు పెట్టుకోవచ్చు. గదిలోకి రాగానే ఆ సంగతి ఆయనకి వినయంగా విన్నవించుకుంది కూడా. ఆమె జోడించిన చేతులకి ఆయన తల ఊపి, కళ్ళజోడు తుడుచుకున్నారు. పొగడ్తకి పొంగని మనిషని ఆమెకి గౌరవం ఇంకో మెట్టు పెరిగింది.

"పెద్దాయనకి ఈ పద్ధతి వర్తించదు," అంది డాక్టరు. "చివర్లో ఆయన 'తర్వాత?' అన్నారా, నువ్వు మాలో మనిషివి. అనలేదా, టీ తాగి వెళ్ళిపోవడమే. బిస్కెట్లు ఎలాగూ ఇస్తాంలే."

'తర్వాత?' అన్న మాట ఆమె విని ఎన్నాళ్ళో అయింది. మంచం పట్టిన అక్కకి ఆమె రోజూ ఫోన్లో ఇరుగుపొరుగు కబుర్లు చెప్పేది. కబుర్లు నిండుకున్నాక కల్పించడం మొదలుపెట్టింది. ఎదురింటి పిసినారికి లాటరీ తగిలించింది, పక్కింటి కుక్కకి ఆస్తి రాసిచ్చింది. అవతలినుంచి అక్క "తర్వాత?" అనేది. అక్క పోయాక ఆ ప్రశ్న ఆగిపోయింది కానీ కథ ఆగలేదు. ఎవరికి చెప్పాలో తెలియక కాగితాల మీద పెట్టింది. పెట్టగా పెట్టగా అది నవలైంది.

"వాళ్ళు బాగోలేదంటే బీరువా అరల్లో పరుద్దాంలే," అని భర్త ఓదార్చి మరీ పంపాడు. పంపేముందు అరలు కొలిచి చూసుకోవడం కూడా ఆమె కంటపడింది. వీళ్ళూ కాదంటే ఇక కలం ముట్టనని మెట్లెక్కుతూ ఒట్టు పెట్టుకుంది.

చదవడం మొదలుపెట్టింది. రెండో కాగితం దగ్గర వీపులన్నీ కదిలి కదిలి నవ్వాయి. కాస్త ధైర్యం వచ్చేసరికి, కింద షెడ్డులో ఎవరో ఇనప రేకుని సుత్తితో బాదడం మొదలుపెట్టారు. ఆ మోతలో ఆమె గొంతు ఆమెకే అందలేదు. ఆగింది.

"ఎందుకాగావ్?" పెద్దాయన గొంతు ఆ గదికి సరిపోనంత పెద్దది. "చదువు!"

ఆమె ఒళ్ళు గగుర్పొడిచింది. నలుగురూ చెవులు మూసుకుని కూర్చున్నారు, ఆయన మాత్రం రెప్ప వెయ్యకుండా ఆమెనే చూస్తున్నారు. ఏకాగ్రత అంటే ఇదీ అనుకుంది. అలా ఐదో కాగితం వచ్చింది. అక్కలాంటి మనిషి సంచి భుజాన వేసుకుని ఇల్లు విడిచి వెళ్ళే చోటు. ఆ మనిషిని రెండు వాక్యాల్లో సాగనంపేసి కాగితం తిప్పింది. ఆ తర్వాత సుత్తి ఎప్పుడు ఆగిందో ఆమెకి తెలియదు.

చదవడం అయ్యాక ఆఖరి కాగితం ఒళ్ళో పెట్టుకుని తలెత్తింది.

"రెండో కాగితంలో మమ్మల్ని నవ్వించాలని చూశావ్," అన్నారు పెద్దాయన. "నీకే నవ్వు రాలేదు. తీసెయ్."

నవ్విన వీపులు సర్దుకున్నాయి.

"ఐదో కాగితంలో పారిపోయావ్. అక్కడేదో ఉంది. దానికేసి చూడలేక గబగబా తిప్పేశావ్. ఇంటికెళ్ళి అక్కడ కాసేపు కూర్చో."

తనకి తప్ప లోకంలో ఎవరికీ తెలియదనుకున్న చోటు అది.

"ఆఖర్న మేమున్న సంగతే మర్చిపోయావ్. రాయడమంటే అదీ." ఆయన ముందుకి వంగారు. "తర్వాత?"

కుర్చీలు గిర్రున తిరిగాయి. వార్డెన్ బిస్కెట్ల డబ్బా తెచ్చి ఏకంగా ఆమె ఒళ్ళో పెట్టేసింది. "ఏడవకమ్మా, మెత్తబడిపోతాయ్," అంది.

ఆమె కళ్ళు తుడుచుకుని, టీ కలుపుకుంటున్న పెద్దాయన వెనక్కి వెళ్ళి నిలబడింది. "నా భాష ఎలా ఉందండీ?"

ఆయన ఇంకో చెంచా చక్కెర వేసుకున్నారు. గొప్పవాళ్ళు చచ్చు ప్రశ్నలకి జవాబివ్వరని ఆమె నాలిక కరుచుకుంది.

మెట్లు దిగుతూ ఆమె డాక్టరు చెయ్యి పట్టుకుంది. "ఏం మనిషండీ ఆయన! నా కడుపులో ఉన్నది ఉన్నట్టు చెప్పేశారు."

"మా నలుగురినీ అలాగే పట్టుకున్నారు. ఇంతవరకూ ఒక్కసారీ తప్పలేదు."

"నన్ను ఏ వాక్యం దగ్గర పట్టుకున్నారంటారు? చెప్పండి, ఇంటికెళ్ళి దాన్నోసారి చూసుకుంటాను."

డాక్టరు మెట్టు మీద ఆగి, పైకోసారి చూసింది. "కొత్తవాళ్ళకి ఇది ముందే చెప్పం. చెబితే మొహాలు సర్దేసుకుంటారు."

"ఏది?"

"ఆయనకి బొత్తిగా వినపడదమ్మా."