రెండు ఒడ్లకూ ఒకటే పరీక్ష

“ఆంధ్రాలో పరీక్ష రాసినోళ్లని అరవ కోర్టులో నిలబడనిస్తారా అమ్మాయ్?”

తెగిన వలకు ముళ్లు వేస్తూ ముత్యాలయ్య అడిగాడు. ఇదే మాట అడగడం మొదటిసారి కాదు. రోజా పుస్తకంలోంచి తలెత్తి, విసుక్కోకుండా మళ్లీ చెప్పింది.

“బార్ పరీక్ష దేశమంతటికీ ఒకటే మామా. నేను ఆంధ్రాలో పేరు రాయించుకున్నా, నాతో చదివిన ప్రేమలీల చెన్నైలో రాయించుకునింది. ఇద్దరం రాసేది ఒకటే పేపరు. పాసైతే ఏ ఒడ్డునైనా వాదించొచ్చు.”

“అయితే నువ్వే నిలబడాల,” అన్నాడాయన.

నిలబడాల్సింది పెంచల్ కోసం. ముత్యాలయ్యకు ఒక్కగానొక్క కొడుకు, రోజాకు మొగుడు. నాలుగేళ్ల కిందట అవతలి ఒడ్డున స్నేహితుడు ఏలుమలై ఇంట్లో పెళ్లికని బస్సులో వెళ్లాడు. మర్నాడు మంచు విడిచాక పులికాట్ సరస్సు నీళ్ల మీద, తమిళనాడు వైపు కొట్టుకుపోతున్న పడవలో శవమై కనిపించాడు. తల పగిలి ఉంది. పడవ ఏలుమలైది. ఇంకేం కావాలి? ఏలుమలైని పట్టుకుపోయారు. ‘బస్సు దొరకదంటే నా పడవ ఇచ్చి పంపినా, అంతే’ అని అతను మొత్తుకుంటూనే ఉన్నాడు. అవతలి రాష్ట్రం కోర్టులో కేసు వాయిదాల మీద సాగుతోంది.

అందుకే రోజా లా చదివింది. మొగుడు పోయిన పిల్లకు చదువేందని ఊరు ముక్కున వేలేసుకుంది. ముత్యాలయ్య ఎవరి మాటా చెవిన పెట్టలేదు. కోడల్ని తనే సూళ్లూరుపేటలో రైలెక్కించి నెల్లూరు లా కాలేజీకి పంపాడు. అలాంటి మామ ఎంతమందికి దొరుకుతాడు?

ఆ ఇంట్లోంచి పెంచల్ పోయినా పోలేదు. ఏ పడవైనా గట్టుకు తగిలిన చప్పుడైతే చాలు, ఇంట్లో ముగ్గురూ తలలు తిప్పేవాళ్లు. ముత్యాలయ్య పడవ తోసే గెడ ముట్టడం మానేశాడు. తమ్ముడి కొడుకు గెడ వేస్తుంటే తాను పడవ ముందు భాగంలో ముడుచుకుని కూర్చునేవాడు. చేతుల్లో సత్తువ పోయిందనేవాడు. కొడుకు పోయిన మనిషికి సత్తువ ఎక్కణ్ణుంచి వస్తుందని రోజా అనుకునేది.

వేటనుంచి వచ్చి పగలు పడుకుంటే నిద్రలో కేకలు పెట్టేవాడు.

“తెలుగులో పలకరా! ఒరే, తెలుగులో పలకరా!”

పెంచల్ తల్లి అంకాలమ్మ కొంగు నోట్లో కుక్కుకునేది. “వాడే కలలోకొచ్చి ఎక్కిరిస్తా ఉంటాడమ్మా. బతికుండంగా మాత్రం మానినాడా?”

నిజమే. పెంచల్‌కు వేళాకోళం ఎక్కువ. వలల దగ్గర తరచూ కొట్లాటకొచ్చే అవతలి ఒడ్డు వాళ్ల మాట అచ్చు దించేవాడు. బస్సు కండక్టర్‌నీ, రేషన్ డీలర్‌నీ, ఆఖరికి పెళ్లిచూపుల్లో రోజానూ అరవంలో మాట్లాడి హడలగొట్టాడు. ఆ గొంతు ఆమెను ఇప్పటికీ వదల్లేదు. సెక్షన్లు బట్టీ పడుతుంటే చెవి పక్కనే “ఎన్నమ్మా, వక్కీలమ్మా” అని నవ్వినట్టు ఉండేది. ఒళ్లు జలదరించేది. అయినా ఇంకోసారి అంటే బాగుండుననిపించేది.

ఆమెను గట్టిగా చదవమనేవాడు ముత్యాలయ్య. ఒక్క సెక్షన్ మాత్రం మళ్లీ మళ్లీ చదివించుకునేవాడు. ఒకరిని చంపబోయి పొరపాటున ఇంకొకరిని చంపినా, అది హత్యే అని చెప్పే సెక్షన్ అది.

“తప్పించుకునే సందే లేదా?”

“లేదు మామా. ఏలుమలై ఎన్ని కతలు చెప్పినా నేను వదలను.”

ఆయన వేసిన ముడి విప్పి మళ్లీ వేశాడు.

ఒక సాయంత్రం, కోర్టులో పనికొస్తుందని రోజా తమిళం పలకడం మొదలుపెట్టింది. ‘ఎవరది? నేనే’ అని రెండు ముక్కలు తమిళంలో అందో లేదో, ముత్యాలయ్య చేతిలో వల జారిపోయింది. లేచి, చెప్పులైనా వేసుకోకుండా నీళ్ల వైపు వెళ్లిపోయాడు. కొడుకును పొట్టనపెట్టుకున్న వాళ్ల భాష కదా, ఎలా తట్టుకుంటాడని రోజా లెంపలు వేసుకుంది. ఆ తర్వాత తమిళమంతా దూరంగా ఇసుకలో కూర్చుని నేర్చుకుంది.

పరీక్ష రాసింది. పాసైంది. అంకాలమ్మ అమ్మవారికి పొంగలి పెట్టింది. ముత్యాలయ్య కోడలి నల్లకోటును అరచేత్తో తడిమి చూశాడు. “ఇంక పోదాం పదమ్మా,” అన్నాడు.

వాయిదా నాడు ఏలుమలై బోనులో నిలబడి ఉన్నాడు. నాలుగేళ్లలో మనిషి సగమయ్యాడు. ప్రభుత్వ లాయరుకు సాయంగా పక్కన రోజా నిలుచుంది. చెవి పక్కన ఆ నవ్వు మళ్లీ వినిపించింది. ఈసారి ఆమె భయపడలేదు. ‘చూడు, నీకోసమే వచ్చినా’ అనుకుంది.

వెనక బెంచీలోంచి ముత్యాలయ్య లేచాడు. భుజం మీది కండువా తీసి నడుముకు చుట్టాడు. కోడల్ని దాటుకుని నేరుగా వెళ్లి, బోనులో ఏలుమలై పక్కన చేతులు కట్టుకు నిలబడ్డాడు. బంట్రోతు లాగినా కదల్లేదు.

“మామా, అక్కడ కాదు, ఇట్రా,” అంది రోజా గాభరాగా.

“ఆ పొద్దు మంచులో, నా వలల కాడ అవతలోళ్ల పడవ చూసి, గెడ ఎత్తుకోని ‘ఎవుర్రా అది’ అంటే, నా బిడ్డ నవ్వుకుంటా అరవంలోనే పలికినాడమ్మా.”