తిన్నగా చూసిన ముఖం

బల్ల మీద, రహస్య పోలీసు అధికారి రమాల్యో బొటనవేలి పక్కన ఒకే ఒక్క తపాలా బిళ్ళ. నీలం చట్రంలో దేశాన్నేలే పెద్దాయన తల కిందికి వేలాడుతోంది.

"ఇది ఇక్కడ అచ్చయిందే కదమ్మా?"

అదెలైడ్ తలూపింది. లిస్బన్‌లోని ఈ అచ్చాఫీసులో ఇరవై రెండేళ్ళుగా ఆమె పని ఒక్కటే. యంత్రం మీంచి వచ్చిన ప్రతి కాగితాన్నీ చూడాలి. తప్పుంటే పక్కన పడేయాలి, లేకపోతే అంచున తన పొడి అక్షరాలు వేయాలి.

ఈ బిళ్ళ చించిన కాగితం అంచునా అవే అక్షరాలున్నాయి.

ఆ కాగితంలోని వంద బిళ్ళల్లో తొంభై తొమ్మిదింటిని రహస్య పోలీసులు వెతికి పట్టుకున్నారు. వందోది మాత్రం ఎవరి పెట్టెలోకో చేరిపోయింది. దాన్ని అమ్మితే ఒక ఇల్లు కొనుక్కోవచ్చని ఊరంతా నవ్వుకుంటోంది. ఆ నవ్వే పైవాళ్ళకు మింగుడుపడలేదు.

రమాల్యో మర్యాదస్తుడు. కాఫీ ఇస్తే లేచి నిలబడి అందుకున్నాడు. అది చూసి అదెలైడ్‌కి ఇంకా భయం వేసింది.

యంత్రానికి కాగితాలు అందించేది ఆమె తమ్ముడు బెల్మీరో. వాణ్ణి మంగళవారం తీసుకెళ్ళారు. ఇంతవరకూ కబురు లేదు.

రమాల్యో అడిగేదీ వాడి గురించే. చట్రం అచ్చయ్యాక, తల అచ్చేసేటప్పుడు కాగితాన్ని తిప్పి పెట్టింది పొరపాటునా, కావాలనా? పొరపాటే అయితే, ఇంత అనుభవమున్న అక్క ఎలా వదిలేసింది? ఇద్దరూ కూడబలుక్కున్నారా?

"మావాడికి అంత తెలివెక్కడిదయ్యా? చొక్కా తిరగేసి తొడుక్కుని పనికొచ్చే రకం."

రమాల్యో నవ్వలేదు.

ఇక ఉన్నదున్నట్టు చెప్పేయడమే మేలనుకుంది. ఆమె పనిలో చేరినప్పుడు బల్లకి ఆ వైపు, కాగితాలు తిన్నగా కనిపించే చోటు లుసీలియాది. పెద్దావిడ, ఎవర్నీ దగ్గరికి రానిచ్చేది కాదు. అదెలైడ్ ఈ వైపు నిలబడి, కాగితాలను తలకిందులుగా చూడటమే నేర్చుకుంది. లుసీలియా పని మానేసి ఆరేళ్ళయినా, అటు మారలేదు.

"ఇక్కడ్నుంచి బిళ్ళలన్నీ నాకు తలకిందులుగానే కనిపిస్తాయయ్యా. ఆ ఒక్క కాగితంలోనే పెద్దాయన నావైపు తిన్నగా చూశారు. తిన్నగా ఉన్న ముఖాన్ని తప్పని ఎట్లా అనుకుంటాను?"

రమాల్యో బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. బల్ల మీదున్న ఆ రోజు కాగితాలను అక్కణ్ణుంచి చాలాసేపు చూశాడు.

"నిజమే. మీ తమ్ముడిది పొరపాటే."

అదెలైడ్‌కి ప్రాణం లేచొచ్చింది. వాణ్ణి వదిలేస్తారా అని అడిగింది. సాయంత్రానికల్లా ఇంట్లో ఉంటాడన్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు రమాల్యో జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు.

"అంటే, ఇరవై రెండేళ్ళుగా మీరు పెద్దాయన్ని తలకిందులుగానే చూస్తున్నారన్నమాట. రోజూ."

"అవునయ్యా," అంది, ఇంత తొందరగా అర్థం చేసుకున్నందుకు సంబరపడుతూ. "అలవాటైపోయింది."

ఆ మాటను అతను ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. కలానికి మూత పెట్టాడు.

"ఉన్ని కోటు ఉందా అమ్మా?"

ఇంట్లో, పెట్టె అడుగున ఉందంది.

"మీ తమ్ముడితో తెప్పిద్దాం," అన్నాడు రమాల్యో.

బయట జూలై ఎండ మండిపోతోంది.