ఎడమ చక్రం

సకల జనుల సమ్మెకు బస్సులు ఆగిపోయి నా జీపు తెరిపి లేకుండా తిరుగుతున్న రోజులు. నెల కిందట కొన్న ఎడమ ముందు టైరు బోడిగా అరిగిపోయింది. కోరుట్లలో దీక్షా శిబిరం ఎదుటే టైర్ల కొట్టు. ఏలూరు నుంచి వచ్చి స్థిరపడ్డ పేరయ్యది. వెళ్లి నిలదీశాను.

"బ్రేకు పట్టేసినా ఇలాగే అరుగుతుంది బాబూ. ఓసారి విప్పి చూస్తాను."

"మీ ఆంధ్రోల్ల మాటలు మాకెర్కే! పాత టైరుకు నల్లరంగేసి అంటగట్టినవ్!"

శిబిరంలోని వాళ్లంతా లేచి వచ్చారు. పేరయ్య తల వంచుకుని, పైసా అడగకుండా కొత్త టైరు వేసి పంపాడు.

మూడు నెలలైనా అది అరగలేదు. "బెదిరిస్తే మంచి సరుకు ఇచ్చిండు" అని జీపెక్కిన వాళ్లందరికీ చెప్పుకున్నాను.

ఈ రోజు సిరిసిల్లలో మెకానిక్ జైపాల్ ఆ చక్రం విప్పాడు.

"బ్రేకు స్ప్రింగు ఎవలు మార్చిండ్రన్నా? మంచి పని చేసిండు. గిది తెగితే బ్రేకు వదలదు. ఎంత మంచి టైరైనా ఒక్క నెలల ఖతం."

పేరయ్య తప్ప ఆ చక్రాన్ని ఎవరూ విప్పలేదు.

కోరుట్ల వచ్చి కొట్టు ముందు జీపు ఆపాను. శిబిరంలో అదే జనం. తప్పు ఒప్పుకోవలసింది వాళ్ల ముందే.

నేను దిగకముందే పేరయ్య పానా పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"అరవకండి బాబూ, మార్చేస్తాను."