అది

"వాళ్ల నాన్న పోలిక మాత్రం మావాడికి రాకూడదమ్మా. నాకదే బెంగ," అంది తల్లి, కూరలు తరుగుతూ.

కోడలు పంపు కింద చెయ్యి పెట్టుకుని నిలబడింది. గిన్నెలు కడగడం ఎప్పుడో అయిపోయింది, నీళ్లు మాత్రం ధారగా పోతూనే ఉన్నాయి. ఈ కాలం పిల్లలకి నీళ్ల విలువ తెలియదనుకుంది తల్లి. తను ఊరి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఈ పిల్ల నోట్లోంచి ఒక్క ముత్యం రాలితే ఒట్టు.

పక్క గదిలోంచి కొడుకు ఫోన్ మాటలు వినపడ్డాయి.

"అది ఎప్పుడు చూడు గోడకే అతుక్కుని ఉంటుందిరా. లాగినా రాదు. పొద్దున కాస్త వేడి తగిలించా. దెబ్బకి దారికొచ్చింది."

నవ్వాడు.

తల్లి చేతిలో చాకు ఆగింది. నోట్లో పుల్లటి నీళ్లూరాయి. కాపురమంతా విన్న నవ్వే. మొగుడు పోయాడు గానీ ఆ నవ్వు పోలేదు.

కొడుకు వంటింట్లోకి రాగానే అడిగేసింది. "ఎవర్రా అది? ఎవరికిరా వేడి తగిలించావు?"

వాడు ఒక్క క్షణం తెల్లబోయి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "పూసమ్మా. గాజుపూస."

సింకు దగ్గరికొచ్చాడు. కోడలు పక్కకి జరిగి, గోడకి ఆనుకుని చోటిచ్చింది. వాడు సబ్బుపెట్టె అడుగున పేరుకున్న జిగురు వేలితో తీసి చూపించాడు. చూడగానే ఆవిడకి వెగటు పుట్టింది.

"మా ల్యాబ్‌లో లిక్విడ్ క్రిస్టల్ కూడా ఇలాంటిదే. టీవీ తెరల్లో ఉండేది. అందులో అణువులన్నీ దువ్విన జుట్టులా ఒకే వైపు తిరిగి ఉంటాయి. కంటికి ఆననంత పూస పడితే చాలు, ఆ వరస చెదురుతుంది. అప్పుడు పాత్ర గోడ ఆ పూసని లాక్కుంటుంది. పట్టుకుందా, ఇక వదలదు. వేడి తగిలిస్తే వరసే చెరిగిపోయి పట్టు జారుతుంది. నువ్వేమనుకున్నావు?"

కన్నకొడుకుని అంత మాట అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. వాడు వేలు తువ్వాలుకి తుడుచుకుని బయటికెళ్లాడు.

"నా బుద్ధి తగలెయ్య. బంగారంలాంటి మొగుడమ్మా నీకు. రేపు ల్యాబ్‌కి డబ్బాలో ఏం కడదాం?"

కోడలు పంపు కట్టేసి, తడి చేతికి చున్నీ చుట్టుకుంది.

"ఆ ల్యాబ్ మూసేసి ఏడాదైంది అత్తయ్యా."