చాచిన చెయ్యి

మేడమీది గదిలో అద్దెకు దిగిన ముసలాయనకు కాస్త తిక్క అని దర్జీ భార్య అన్నదట. ఆ మాట పాలావిడ నోట్లో పడి వీధంతా తిరిగింది.

ఎప్పుడో పెద్ద ఉద్యోగం వెలగబెట్టి, పైవాళ్లతో పడక గెంటించుకుని వచ్చాడట. పెళ్లాంతో కంటే మబ్బులతోనే ఎక్కువ మాట్లాడతాడట.

ఆ వారమే బడి స్కౌటు పిల్లలు ఊరవతల వాగులో గుడారాలు వేశారు. వాగు ఎండిపోయి, ఇసుక పరుపులా ఉంది.

మధ్యాహ్నం ముసలాయన కర్ర పొడుచుకుంటూ అక్కడికి వెళ్లాడు.

దళం బాధ్యత డ్రిల్లు మాస్టారిది. ఆ పదవి స్కౌట్ల పై ఆఫీసు నుంచి కాగితం మీద వచ్చి నెల కాలేదు. మెడలో రుమాలుకు ఇస్త్రీ మడత కూడా పోలేదు.

ముసలాయన ఎదురుగా నిలబడి, కర్ర కుడిచేతిలోకి మార్చుకుని, ఎడమ చెయ్యి చాచాడు.

మాస్టారి మొహం మాడిపోయింది. పిల్లలందరి ముందూ ఎడమ చెయ్యా అనుకుని, తన చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉండి, దిగింది.

ముసలాయన కోపం తెచ్చుకోలేదు. పైన కొండల్లో వాన పట్టిందనీ, ఇక్కడ చుక్క పడకపోయినా వాగు వస్తుందనీ, పిల్లల్ని గట్టెక్కించమనీ మూడుసార్లు చెప్పాడు.

"ఎండ మాడు పగలగొడుతుంటే వరదేమిటి తాతా? ఇంటికెళ్లి పడుకో," అన్నాడు మాస్టారు.

ముసలాయన ఇంటికి వెళ్లలేదు. గట్టు మీదే కూర్చున్నాడు.

గంట పట్టలేదు. వాగు ముందు చప్పుడై వచ్చింది. తర్వాత నీళ్లై వచ్చింది.

ఆయన కర్ర అందించి నలుగురిని బయటికి లాగాడు. ఐదో పిల్లకు కర్ర అందలేదు. తనే దిగాడు.

పొద్దు వాలేవేళకు ఇద్దరూ వంతెన కింద ఊపిరి లేకుండా దొరికారు.

బడి వరండాలో పడుకోబెట్టారు. జరిగిందంతా పిల్లలు ముసలాయన భార్యకు చెప్పారు. ఆవిడ ఏడవకుండా విన్నది.

పై ఆఫీసు నుంచి పెద్దాయన వచ్చి, దుప్పటి తొలగించి చూసి, టోపీ తీసేశాడు. మళ్లీ పెట్టుకోలేదు.

అది చూసి మాస్టారు ముసలాయన భార్య దగ్గరికి వచ్చాడు.

"ఎవరో పెద్దవారని తెలియలేదమ్మా. తనెవరో ఒక్క ముక్క చెప్పి ఉంటే వినేవాణ్ణి కదా."

"చెప్పాడు నాయనా. స్కౌటుకు స్కౌటు ఇచ్చేది ఎడమ చెయ్యే. ఈ దేశంలో మొదటి దళం పెట్టి, ఆ పద్ధతి నేర్పిందే ఈయన. నువ్వు పట్టుకోలేదు."