జోయా పాటలో తప్పులు

“నిన్న రాత్రి మూడో పాటలో మాటల చివర్లు మింగేశావు,” అంది రత్నకుమారి, పెనం మీద దోసె తిరగేస్తూ.

జోయా కాఫీ కప్పు కింద పెట్టింది. “ఆంటీ, మీకు రష్యన్ ఒక్క ముక్క రాదు. చివర్లు మింగానని ఎలా తెలిసింది?”

“తెలిసింది, అంతే. ఇంకోటి. గొంతు పైకి వెళ్ళే చోట ముందే ఊపిరి తీసుకోవాలి. మధ్యలో కాదు.”

ఇద్దరూ మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే. ‘ఆంటీ’ ఒక్కటీ జోయా ఈ ఇంటికొచ్చాక అలవాటు చేసుకున్న పిలుపు.

డైనింగ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్ తెరుచుకున్న పాండురంగ తలెత్తాడు. “పెళ్ళయిన ఇన్నేళ్ళలో నువ్వు కూనిరాగం తీయగా కూడా వినలేదు. సంగీతం టీచర్‌వి ఎప్పుడయ్యావు?”

“మీకు మీటింగ్ ఉందన్నారుగా, అది చూసుకోండి,” అంది రత్నకుమారి తెలుగులో.

మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లోని ఆ ఇంటి ముందు గదిలో జోయా అద్దెకు దిగి ఏడాది దాటింది. దిగిన రోజునే రత్నకుమారి, “ఏదైనా అవసరమొస్తే మీవాళ్ళకి చెప్పాలిగా, ఇంటి నంబరు ఇవ్వమ్మా,” అంది. జోయా అయిష్టంగానే తల్లి నంబరు ఇచ్చింది. “ఆవిడకి ఇంగ్లీషు కొంచెం వచ్చు, కానీ మీతో మాట్లాడకపోవచ్చు. నాతోనే మాట్లాడదు,” అంది.

జోయాది రష్యాలో కామా నది ఒడ్డునున్న పెర్మ్ నగరం. తల్లి అక్కడి పిల్లల సంగీత పాఠశాలలో టీచరు. కూతురు పెద్ద వేదికల మీద నిండు గొంతుతో పాడాలని ఆవిడ కోరిక. జోయాకేమో గొంతు చిన్నది. పద్దెనిమిదేళ్ళకి చదువు మధ్యలో వదిలేసి, గదిలో దుప్పట్లు కప్పుకుని, తను రాసుకున్న పాటలు ఫోన్‌లో రికార్డు చేసి నెట్‌లో పెట్టింది. ఏ కంపెనీ అండా లేకుండానే అవి ఊళ్ళు దాటాయి. నేలమాళిగ క్లబ్బుల్లో కుర్రకారు ఆమెతో కలిసి పాడేవారు. తర్వాత దేశంలో పరిస్థితులు మారి, ఆ క్లబ్బులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. స్నేహితులు తలో దేశం వెళ్ళిపోయారు. జోయా స్టూడెంట్ వీసా మీద మెల్‌బోర్న్ వచ్చింది. బయల్దేరే రోజు తల్లి గుమ్మం దాకా కూడా రాలేదు. “నీది పాట కాదు, గొణుగుడు. దానికోసం ఇల్లు వదిలి పోతున్నావా?” అంది లోపలినుంచే. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటల్లేవు.

పొద్దున బేకరీలో పని, సాయంత్రాలు క్లాసులు, వారాంతాల్లో పబ్బుల్లో పాటలు. రత్నకుమారి ప్రతి కచేరీకీ వెళ్ళేది. చెల్లెలికి పంపాలంటూ ఫోన్‌లో రికార్డు చేసుకునేది. మొదట్లో “బాగుందమ్మా” అని ఊరుకునేది. గడిచిన చలికాలంలో జోయాకి జ్వరం ముదిరి ఆసుపత్రిలో చేరాల్సొచ్చింది. అప్పుడు రత్నకుమారే పక్కనుండి చూసుకుంది. జోయా కోలుకుని మళ్ళీ పాడటం మొదలెట్టాకే ఈ తప్పులు పట్టడం మొదలైంది. పాడిన రోజే అడిగితే, “రేపు చెప్తా, ఆలోచించుకోనీ,” అనేది. మర్నాడు చెప్పే మాటలు సూదిమొనల్లా ఉండేవి. జోయా ఉడుక్కునేది. తర్వాత తలుపేసుకుని అవే సాధన చేసేది.

ఒక శనివారం ఆమె పబ్ నుంచి వస్తూనే గిటార్‌ని గోడకి ఆనించి సోఫాలో కూలబడింది.

“ఇంక ఆపేస్తాను ఆంటీ. నేను పాడుతుంటే అందరూ ఫుటీ మ్యాచ్ స్కోరు గురించి అరుచుకుంటున్నారు. నా గొంతు వాళ్ళ మాటల్ని దాటి వెళ్ళదు.”

రత్నకుమారి జోయా ముందు భోజనం పెట్టి, ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. చాలాసేపటికి వచ్చి జోయా పక్కన కూర్చుంది.

“ఆపొద్దు. నీది చిన్న గొంతు. దాన్ని పెద్దది చేయాలని చూడకు. మైక్‌కి బాగా దగ్గరగా వెళ్ళి, గదిలో ఒక్క మనిషికే చెప్తున్నట్టు పాడు. వాళ్ళే మాటలాపి వింటారు.”

“మా అమ్మయితే దాన్ని గొణుగుడంటుంది.”

“అప్పుడు అని ఉంటుంది,” అంది రత్నకుమారి మెల్లగా.

జోయా ఆపలేదు. ఆ వసంతకాలంలో ఊరు మెచ్చిన ఒక బ్యాండ్ ఫుట్‌స్క్రేలోని హాల్లో పాడుతూ, తమకంటే ముందు పాడమని ఆమెను పిలిచింది. అది ఆదివారం మధ్యాహ్నం. హాలు నిండిపోయింది. రత్నకుమారి ముందు వరసలో ఫోన్ ఎత్తి పట్టుకుని కూర్చుంది. జోయా మైక్‌ని దగ్గరకు లాక్కుని, కళ్ళు మూసుకుని, ఒక్క మనిషికి చెప్తున్నట్టు మొదలుపెట్టింది. రెండో చరణానికి గుసగుసలు ఆగాయి. చివరి పాట అయ్యాక మోగిన చప్పట్లకి పాండురంగ కూడా లేచి నిలబడ్డాడు.

కారు దగ్గర జోయా, పాండురంగ ఎదురుచూస్తున్నారు. రత్నకుమారి హాలు మెట్ల మీదే ఫోన్‌లో మాట్లాడుతూ ఉండిపోయింది. వచ్చేసరికి ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

“ఎవరితో అంతసేపు?” అన్నాడు పాండురంగ.

ఆమె వెనక సీట్లో జోయా పక్కన కూర్చుంది. కారు కదిలింది.

“ఆంటీ, రేపటిదాకా ఆగలేను,” అంది జోయా. “ఎన్ని తప్పులున్నా సరే, ఇవాళే చెప్పేయండి.”

రత్నకుమారి ఆమె చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుంది.

“ఇవాళ ఒక్క తప్పు కూడా లేదంది, మీ అమ్మ.”